కొత్త ఇంటికి ప్లాన్ గీయించుకున్న సర్వీస్ మీద రివ్యూ: కాగితం మీద చాలా బాగుంది, సైట్‌లో మాత్రం వెంటపడాలి

ముందే చెప్పేస్తాను, మళ్లీ ఇల్లు కట్టాల్సి వస్తే ప్లాన్ కోసం వీళ్ల దగ్గరికే వెళ్తాను, కానీ ప్లాన్ చేతికొచ్చాక మిగతాదంతా వాళ్లే చూసుకుంటారన్న నమ్మకం మాత్రం పెట్టుకోను. వీల్‌చెయిర్ వాడేవాళ్లు, పెద్దవాళ్లు, చిన్నపిల్లలు అందరూ ఒకే ఇంట్లో ఇబ్బంది లేకుండా తిరిగేలా కొత్త ఇళ్లు డిజైన్ చేస్తామని చెప్పుకునే సర్వీస్ ఇది. మంచీ చెడూ రెండూ రాస్తున్నాను కాబట్టి పేరు పెట్టడం లేదు. ఇలాంటి పని ఎవరికి అప్పగించినా ఏం అడగాలో, ఏం చూసుకోవాలో తెలిస్తే ఈ రివ్యూ రాసిన పని అయినట్టే.

మా అక్క వీల్‌చెయిర్ వాడుతుంది. వెన్నెముకకి దెబ్బ తగలడం వల్ల తనకి కాళ్లలో స్పర్శ కూడా లేదు. అమ్మకి మోకాళ్ల నొప్పులు, చూపు కొంచెం మందగించింది. నాకు ఇద్దరు చిన్నపిల్లలు. ఇంతమందికీ సరిపోయే ఇల్లు అంటే మామూలుగా ఏం జరుగుతుందంటే, మూడు బెడ్‌రూమ్‌ల ప్లాన్ ఒకటి గీసేసి, చివర్లో గుమ్మం దగ్గర ఒక ర్యాంప్, బాత్రూమ్‌లో ఒక స్టీల్ రాడ్ తగిలించి "అన్నీ పెట్టేశాం" అంటారు. మేం ఇంతకుముందు మాట్లాడిన చోటల్లా అదే మాట. వీళ్లు మాత్రం మొదటిసారి కూర్చున్నప్పుడు ఎన్ని గదులు కావాలని అడగనే లేదు. అక్క కుర్చీ కొలిచారు. చక్రాల అంచు నుంచి అంచుకి వెడల్పు ఎంత, కుషన్ వేశాక సీటు నేల నుంచి ఎంత ఎత్తులో ఉంది, మోకాళ్ల ఎత్తెంత, కూర్చుని చెయ్యి చాపితే పైకి ఎంతవరకు అందుతుంది, కిందకి ఎంతవరకు వంగగలదు, కుర్చీలోంచి కమోడ్ మీదకి మారేటప్పుడు ఏ వైపు నుంచి మారుతుంది. ఈ చివరి ప్రశ్న అప్పటిదాకా మమ్మల్ని ఎవరూ అడగలేదు. అక్క ఎడమవైపుకి మారుతుంది, అంటే కుర్చీ ఆపుకోవడానికి కమోడ్‌కి కుడివైపు జాగా ఖాళీగా ఉండాలి. ఆ ఒక్క జవాబుతో బాత్రూమ్ ప్లాన్ మొత్తం అద్దంలో చూసినట్టు తిరగబడింది, దాంతోపాటే తన గది తలుపు కూడా ఇటునుంచి అటు మారింది.

అమ్మని కూడా ఇలాగే అడిగారు. ఏ కుర్చీలోంచి లేవడం తేలిక, దేంట్లోంచి లేవలేకపోతున్నారు, రాత్రి ఎన్నిసార్లు లేస్తారు, లేచినప్పుడు లైటు వేసుకుంటారా లేక చీకట్లోనే నడుస్తారా అని. పుస్తకాల్లో ఉన్న కొలతలు వాళ్లకి తెలియక కాదు, ఆ కొలతలు అవసరమైనంత తక్కువలో తక్కువ చెప్తాయని, మన మనిషి కొలత దానికంటే ఎక్కువైతే మన మనిషిదే తీసుకోవాలని వాళ్ల పద్ధతి. నాకు ఈ సర్వీస్‌లో అన్నిటికంటే నచ్చింది ఇదే, డబ్బులు పెట్టింది దీనికే అనుకుంటాను.

ఇక గుమ్మం సంగతి. ఇంటి ఫ్లోర్ లెవెల్ బయటి నేల కంటే 18 అంగుళాల ఎత్తులో ఉండాలని నిర్ణయం అయింది. ర్యాంప్‌కి అందరూ వాడే లెక్క అంగుళం ఎత్తుకి అడుగు పొడవు, అంటే 1:12 వాలు. 18 అంగుళాలకి 18 అడుగుల ర్యాంప్, పైన ఒకటి కింద ఒకటి అయిదేసి అడుగుల చదును, కలిపి 28 అడుగులు. దానికి రెండు వైపులా పట్టుకునే కమ్మీలు, చక్రం పక్కకి జారకుండా అంచులు. మొదటి డ్రాయింగ్‌లో ఇదే గీశారు, చూడ్డానికి ఆసుపత్రి గుమ్మంలా ఉంది, అక్క మొహం చూస్తేనే అర్థమైంది తనకి నచ్చలేదని. అప్పుడు డిజైనర్ గారే ఇంకో దారి చెప్పారు. వాలు 1:20 దాటకపోతే అది ర్యాంప్ లెక్కలోకే రాదు, మామూలు నడక దారి కిందే లెక్క, కమ్మీలు తప్పనిసరి కాదు. 18 అంగుళాలకి 20 రెట్లు అంటే 30 అడుగులు, తలుపు ముందు అయిదడుగుల చదును కలిపితే 35. ర్యాంప్‌కి పోయే 28 అడుగులకీ దీనికీ తేడా ఏడడుగులే! స్థలం పొడవుగా ఉన్న వైపు మట్టి నింపి, ఆ దారినే ఇంటికి అసలు దారి చేసేశారు. ఇప్పుడు మెట్లు లేవు, ర్యాంపూ లేదు, అందరూ ఒకే దారిలో వస్తారు, పిల్లల సైకిళ్లూ, బరువైన సామాన్లూ అందులోనే. అక్కకి వేరే దారి, మాకు వేరే దారి అన్నది లేకపోవడం ఎంత పెద్ద విషయమో తను చెప్తేనే తెలుస్తుంది.

గుమ్మంలో మెట్టు లేకపోతే వాన నీళ్లు లోపలికి వస్తాయి కదా అని భయపడ్డాం. తలుపు ముందు అడ్డంగా జాలీ మూత ఉన్న సన్నటి కాలువ, పైన వెడల్పుగా సన్‌షేడ్, తలుపు కింద రబ్బరు పట్టీ. గడప ఎత్తు అర అంగుళం దాటకుండా, అది కూడా నిలువు అంచు లేకుండా ఏటవాలుగా కోయించారు. గట్టి వానలు పడ్డాయి, లోపలికి చుక్క రాలేదు.

తలుపుల విషయంలో సగం మార్కులే ఇస్తాను. తలుపు తెరిచాక మధ్యలో మిగిలే ఖాళీ కనీసం 32 అంగుళాలు ఉండాలి. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు, రెండున్నర అడుగుల తలుపు అంటే 30 అంగుళాలు వస్తుందనుకుంటారు, కానీ తలుపు మందం, ఫ్రేమ్‌లో ఆనే అంచు పోను 28కి అటూ ఇటూ మిగులుతుంది, కుర్చీ చక్రం మీద చేతివేళ్లు గీసుకుపోతాయి. వీళ్లు అన్ని తలుపులూ మూడడుగులవే పెట్టారు, బాత్రూమ్‌తో సహా. లాగి తెరిచే తలుపులకి గొళ్లెం ఉన్న వైపు ఒకటిన్నర అడుగుల గోడ ఖాళీగా వదిలారు, ఎందుకంటే కుర్చీలో ఉన్నవాళ్లు తలుపు లాగేటప్పుడు ఎదురుగా ఉంటే ఆ తలుపు వాళ్ల మోకాళ్లకే తగులుతుంది, పక్కకి జరగాలి. గుండ్రటి నాబ్‌లు ఎక్కడా లేవు, మోచేత్తో నొక్కినా తెరుచుకునే లివర్ హ్యాండిళ్లే. ఇంతవరకూ బాగుంది. కానీ అక్క గదికి గోడలోకి జరిగే స్లైడింగ్ తలుపు పెట్టి, దానికి వేలితో లాగే చిన్న గుంట హ్యాండిల్ చూపించారు. వేళ్లలో పట్టు తక్కువున్న వాళ్లకి అది పనికిరాదు, బయటికి వచ్చే డీ ఆకారం హ్యాండిల్ కావాలి. అది పెడితే తలుపు గోడలోకి పూర్తిగా వెళ్లదు, మూడు నాలుగు అంగుళాలు బయటే ఉండిపోతుంది, ఆ మేరకు దారి తగ్గుతుంది. అంటే ఓపెనింగ్ మొదటే ఇంకాస్త పెద్దది పెట్టుకోవాలి. ఈ లెక్క వాళ్లు వేయలేదు, అక్కే పట్టుకుంది. అందరికీ అనువైన ఇళ్లు మా ప్రత్యేకత అని చెప్పుకునేవాళ్లు ఇది వదిలేయడం నాకు నచ్చలేదు.

బాత్రూమ్ దగ్గర అసలు గొడవ. డిజైన్ మాత్రం నిజంగా గొప్పగా ఉంది. కుర్చీ గుండ్రంగా తిరగడానికి అయిదడుగుల జాగా, స్నానం చేసే చోటికి గట్టు లేదు, నేలంతా ఒకటే, లోపలి గోడ వెంట నీళ్లు పోయే పొడుగాటి జాలీ. తలుపు దగ్గర గది నేలతో సమానంగా మొదలై, అడుగుకి పావు అంగుళం చొప్పున వాలుతూ ఏడడుగుల దూరంలో ఉన్న జాలీ దగ్గరికి వెళ్లేసరికి పావుతక్కువ రెండు అంగుళాలు దిగుతుంది. కమోడ్ సీటు ఎత్తు అక్క కుర్చీ సీటుతో సమానం, అమ్మకి కూడా మామూలు కమోడ్ కంటే దీంట్లోంచి లేవడమే తేలిక. తలుపు బయటికి తెరుచుకుంటుంది, లోపల ఎవరైనా పడిపోతే ఒంటికి అడ్డుపడకుండా తీయొచ్చు.

అయితే ఇదంతా ఆర్కిటెక్చర్ షీట్‌లో ఉంది. ప్లంబింగ్ షీట్‌లో మాత్రం ఎక్కడో పాత ప్లాన్‌లోంచి తెచ్చి పెట్టినట్టు గది మధ్యలో చదరం జాలీ, తలుపు దగ్గర రెండు అంగుళాల దింపు ఉన్నాయి. రెండు షీట్లూ ఒకే ఆఫీసు నుంచి, ఒకే తేదీతో వచ్చినవే. పట్టుకున్నది వాళ్ల సైట్ ఇంజినీర్ కాదు, ప్లంబర్. పైపులు వేసి, పైన బెడ్ కాంక్రీటు పోయబోయే ముందు రెండు కాగితాలూ చేత్తో పట్టుకుని అక్క దగ్గరికి వచ్చి, "అమ్మా, ఈ నీళ్లు గోడ దగ్గరికి పోవాలా, మధ్యలోకి పోవాలా? ఇందులో ఒకలా ఉంది, అందులో ఒకలా ఉంది" అని అడిగాడు. ఆయన అడక్కపోయి ఉంటే అక్క స్నానాల గదికి రెండంగుళాల మెట్టు వచ్చేది, కాంక్రీటు తవ్వాల్సి వచ్చేది. ఫోన్ చేస్తే ముందు "సైట్‌లోనే సర్దుకోండి" అన్నారు. రెండంగుళాల మెట్టు సర్దుకునే సంగతా? గట్టిగా అడిగాక సవరించిన షీట్ పంపారు, కానీ ఈలోపు పని ఆగి కూలీలు ఖాళీగా కూర్చున్నారు, పైగా సైట్‌కి రావడానికి వేరే ఫీజు అన్నారు. తప్పు వాళ్లదైనప్పుడు ఫీజు ఏంటని అక్క అడిగితే అప్పుడు వదులుకున్నారు. ఒక కొలత ముఖ్యం అని అందరూ ఒప్పుకున్నాక అది ప్రతి షీట్‌లోనూ కనపడాలి, ఎందుకంటే ప్లంబర్ ప్లంబింగ్ షీట్ చూస్తాడు, ఎలక్ట్రీషియన్ ఎలక్ట్రికల్ షీట్ చూస్తాడు, డిజైనర్ మనసులో ఉన్నది ఎవరూ చూడరు.

గోడల విషయంలో ఒక మంచి పని చేశారు. పట్టుకునే రాడ్‌లు (గ్రాబ్ బార్‌లు) ఇప్పుడు అవసరం లేని చోట్ల కూడా గోడలో గట్టి ఆసరా పెట్టించారు. మనిషి జారినప్పుడు మొత్తం బరువు ఆ రాడ్ మీద పడుతుంది, అమెరికాలో ఏడీఏ (వికలాంగుల హక్కుల చట్టం) ప్రమాణాల ప్రకారం గ్రాబ్ బార్ 250 పౌండ్ల బలాన్ని, అంటే 113 కిలోల బరువుకి సమానమైన దాన్ని తట్టుకోవాలి. తేలికపాటి గోడలో, బోలు ఇటుకలో స్క్రూ వేస్తే ఊడి వచ్చేస్తుంది. టవల్ రాడ్ పట్టుకుని లేచేవాళ్లున్న ఇళ్లలో ఇది ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు. టైల్స్ వేయకముందు ఆ గోడలకి టేపు పెట్టి ఫోటోలు తీయమని వాళ్లే చెప్పారు, తర్వాత రాడ్ ఎక్కడ బిగించాలో తెలియడానికి. ఎవరు ఇల్లు కట్టినా ఈ పని చేయండి, ఖర్చు లేదు.

వంటగదిలో డిజైనర్ గారికీ మాకూ పెద్ద వాదనే నడిచింది. ఆయన మోటారుతో పైకీ కిందకీ జరిగే గట్టు పెట్టమన్నారు. చూడ్డానికి బాగుంటుంది, కానీ కరెంటు మీద, మోటారు మీద ఆధారపడేది చెడిపోతే ఆరోజు ఆ గట్టు ఎవరికి సరిపోయే ఎత్తులో ఆగిపోతుంది? మేం వద్దన్నాం. రెండు ఎత్తుల్లో స్థిరమైన గట్టు పెట్టించాం: అమ్మ, నేను నిలబడి పనిచేసే భాగం ఒకటి, దాని పక్కనే 34 అంగుళాల దగ్గర అక్క కూర్చుని చేసుకునే భాగం, దాని కింద మోకాళ్లు దూరడానికి 27 అంగుళాలకి తగ్గకుండా ఖాళీ. సింకు లోతు తక్కువది, దాని పైపు వెనక గోడవైపు. ఆ పైపుకి తొడుగు వేయించారు, ఇది చదివి వదిలేయకండి. అక్కకి కాళ్లలో స్పర్శ లేదు, వేడినీళ్లు పోతున్న పైపుకి మోకాలు ఆనినా తనకి తెలియదు, బొబ్బ లేచాక చూస్తేనే తెలుస్తుంది. అందుకే గీజర్ వేడి కూడా 49 డిగ్రీల సెల్సియస్ దగ్గర పెట్టించారు. 60 డిగ్రీల నీళ్లు కొన్ని సెకన్లలోనే చర్మాన్ని కాల్చేస్తాయి, 49 దగ్గర చెయ్యో కాలో వెనక్కి తీసుకోవడానికి నిమిషాల టైమ్ ఉంటుంది. పొయ్యికీ సింకుకీ మధ్య గట్టు తెగకుండా ఒకటే పొడవున ఉంది కాబట్టి, వేడి గిన్నె ఒళ్లో పెట్టుకుని తిరగకుండా గట్టు మీదే జరుపుకుంటూ పోవచ్చు. కింద అల్మారాల బదులు డ్రాయర్లు, ఎందుకంటే అల్మారా లోపలి మూల కుర్చీలో ఉన్నవాళ్లకీ అందదు, మోకాళ్ల నొప్పులున్న వాళ్లకీ అందదు.

స్విచ్‌లు, ప్లగ్ పాయింట్లు కూర్చున్నా నిలబడినా అందే ఎత్తులో ఉన్నాయి, దానిమీద ఫిర్యాదు లేదు. కిటికీలు కిందకి దించారు, అక్క ఇప్పుడు మంచం మీంచే బయటికి చూస్తుంది. పిల్లలు ఎక్కుతారేమోనని గ్రిల్ వేశాం.

రంగుల సంగతి మాత్రం రాయాలి. 3డీ బొమ్మల్లో బాత్రూమ్ అంతా తెలుపు, నేల తెలుపు, గోడ తెలుపు, కమోడ్ తెలుపు. ఫోటోకి బ్రహ్మాండంగా ఉంది. వయసు పెరిగే కొద్దీ కంటి లెన్స్ పసుపెక్కుతుంది, కంటిపాప చిన్నదవుతుంది, లోపలికి పోయే వెలుతురు తగ్గుతుంది. అలాంటి కళ్లకి ఈ తెలుపులో తెలుపు కలిసిపోయి, కమోడ్ అంచు ఎక్కడుందో, నేల ఎక్కడ అయిపోయి గోడ మొదలైందో తెలియదు. అమ్మ ఆ బొమ్మ చూసి "ఇందులో కూర్చునేది ఏదిరా?" అని అడిగింది. కమోడ్ వెనక గోడకి ముదురు నీలం, నేలకి గరుకు బూడిదరంగు చిన్న టైల్స్ మార్పించాం, చిన్న టైల్స్ అయితే మధ్యలో సందులు ఎక్కువ కాబట్టి తడిలో కాలికి పట్టు ఉంటుంది. నునుపు టైల్ మీద తడి పాదం పెట్టి చూడండి ఒకసారి, కొనేముందు షాపులోనే.

వాళ్ల తీరు గురించి కూడా చెప్పాలి. డిజైనర్ గారు మొదటి నుంచీ అక్కతోనే మాట్లాడారు. కానీ వాళ్ల సైట్ ఇంజినీర్ వచ్చిన ప్రతిసారీ, అక్క పక్కనే ఉండగా, "ఆవిడకి ఇది సరిపోతుందా?" అని నన్ను అడిగేవాడు. ఆ ఇంటికి సగం డబ్బు అక్కది. "నన్నే అడగండి బాబూ, నాకు నోరుంది" అని తను చెప్పాక తీరు మారింది. వీల్‌చెయిర్ వాడేవాళ్ల కోసం పనిచేస్తామనే సంస్థ తన మనుషులకి మొదట నేర్పాల్సింది ఇదే.

ఖర్చు గురించి చాలామంది అడుగుతారు. ఈ సౌకర్యాలన్నిటినీ విడిగా ఒక ప్యాకేజీ అని చూపించి అమ్మేవాళ్లని నమ్మకండి. తలుపు నాలుగు అంగుళాలు వెడల్పు చేయడం, స్విచ్ ఎత్తు మార్చడం, గుమ్మంలో మెట్టు తీసేయడం కాగితం మీద ఉన్నప్పుడు దాదాపు ఉత్తి పుణ్యానికి అయ్యే పనులు, గోడ లేచాక అవే భారం అవుతాయి. యూనివర్సల్ డిజైన్ అనే మాటకి పేరు తెచ్చిన రొనాల్డ్ మేస్ ఒక ఆర్కిటెక్ట్, చిన్నప్పుడు పోలియో వచ్చి వీల్‌చెయిర్ వాడిన మనిషి. ప్రత్యేకంగా కొందరికోసం మార్చి ఇవ్వకుండా మొదటే వీలైనంతమందికి పనికొచ్చేలా చేయాలన్నది ఆయన చెప్పింది, 1997లో నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీలో ఆయనతో కలిసి పనిచేసిన బృందం దాన్నే 7 సూత్రాలుగా రాసింది. మా డిజైనర్ గారు కొటేషన్‌లో "యాక్సెసిబిలిటీ" అని విడిగా ఒక లైను కూడా పెట్టలేదు, అందుకు పూర్తి మార్కులు.

ఇంట్లో ఎవరూ వీల్‌చెయిర్ వాడనివాళ్లు ఇదంతా మనకెందుకు అనుకుంటారు. మా అక్కకి స్నేహితులు చాలామంది, వాళ్లలో ఎవరి ఇంటికీ తను వెళ్లలేదు, వాళ్లే వస్తారు. ఒకళ్ల ఇంట్లో గుమ్మం దగ్గర నాలుగు మెట్లు, ఇంకొకళ్ల ఇంట్లో బాత్రూమ్ తలుపు ఇరుకు. అట్లాంటాలో ఎలినార్ స్మిత్ అనే ఆవిడ 1987లో మొదలుపెట్టిన ఉద్యమం అడిగింది మూడే: మెట్టు లేని ఒక్క గుమ్మం, 32 అంగుళాల దారి వచ్చే తలుపులు, కింది అంతస్తులో వాడుకోగల ఒక్క టాయిలెట్. కొత్త ఇల్లు కడుతున్న ప్రతివాళ్లూ ఈ మూడూ పెట్టించుకోండి, దయచేసి. మీకు అవసరం పడకపోవచ్చు, మీ ఇంటికి రావాలనుకునే వాళ్లకి పడుతుంది.

మొత్తానికి ప్లాన్‌కి అయిదులో అయిదు, డ్రాయింగ్‌లు ఒకదానితో ఒకటి సరిపోల్చుకోవడానికి రెండు, సైట్‌లో పనికి రెండున్నర. వీళ్ల దగ్గరికి వెళ్లేవాళ్లు అగ్రిమెంటులోనే రెండు మాటలు రాయించుకోండి: కాంక్రీటు పోసే ప్రతి పనికి ముందు అన్ని షీట్లూ పక్కపక్కన పెట్టి చూసి సంతకం చేయాలి, వాళ్ల తప్పు వల్ల వచ్చే సైట్ విజిట్‌కి ఫీజు ఉండదు. పని పూర్తయ్యాక గోడల్లో ఏది ఎక్కడుందో చూపించే చివరి డ్రాయింగ్ ఇస్తామన్నారు, అది మాకు ఇంకా రాలేదు. పై అంతస్తుకి తర్వాత లిఫ్ట్ పెట్టుకోవడానికి వీలుగా కింద ఒకటి, సరిగ్గా దాని పైన ఇంకొకటి వదిలిన పెద్ద అల్మారాల కొలతలు కూడా అందులోనే ఉండాలి, అది లేకుండా రేపు స్లాబ్ ఎక్కడ కోయాలో ఎవరికీ తెలియదు. అక్క మెయిల్ మీద మెయిల్ పెడుతోంది. వచ్చాక ఈ రివ్యూలోనే మార్కులు మారుస్తాను.